గేరి కథలు – 14: టీవీ లేని రాత్రులు



పోయిన నెల ఒక హాస్టల్‌లో మాట్లాడటానికి పిలిస్తే వెళ్లాను. మీటింగు అయిపోయాక డిగ్రీ చదివే ఒక తమ్ముడు ఫోనులో ఒక ఫార్వర్డు చూపించాడు. మీరూ చూసే ఉంటారు. పెంకుటిల్లు బొమ్మ, వాకిట్లో నులక మంచం, మంచం మీద తాత, చుట్టూ మనవలు. టీవీ లేని ఆ రోజుల్లో కుటుంబమంతా కలిసి తినేదట, కలిసి నవ్వేదట, ఇప్పుడు ఒకే ఇంట్లో ఉండి కూడా ఎవరికి వాళ్లేనట. "నిజమే కదన్నా? అప్పట్ల మనోళ్ల కుటుంబాలు మంచిగుండె కదా?" అని అడిగాడు.

అవునని అనలేకపోయాను. కాదనీ అనలేకపోయాను. బస్సుకు టైమైందని చెప్పి తప్పించుకున్నాను. దారి పొడవునా అదే ఆలోచన. ఈ భాగం ఆ తమ్ముడికి నేను బాకీ పడ్డ జవాబు. కొంచెం పెద్దదే, ఓపిక చేసుకోండి.

ముందు ఆ బొమ్మ సంగతి చూద్దాం. పొద్దుగూకే వేళకు ఆ తాత మంచం మీద తీరిగ్గా కూర్చున్నాడంటే, ఆయన పొలానికి ఇంకెవరో నీళ్లు కడుతున్నారు. ఆయన కొట్టంలో పేడ ఇంకెవరో తీశారు. ఆ ఇంకెవరో మా నాయిన, మా అమ్మ. బొమ్మలో వాళ్లు ఉండరు. వాళ్లకూ ఒక ఇల్లు ఉందని, వాళ్లకూ పిల్లలున్నారని, ఆ పిల్లలు కూడా ఎవరో ఒకరు కథ చెబితే బాగుండునని ఎదురు చూస్తున్నారని ఆ బొమ్మ వేసినవాడికి తోచదు.

నేను పుట్టింది 1973లో, పాలమూరు జిల్లాలో ఒక మాదిగ గేరిలో. మా నాయిన పటేల్ దగ్గర జీతం ఉండేవాడు. ఈ కాలం పిల్లలకు జీతం అంటే బ్యాంకులో పడే డబ్బు. మా గేరిలో జీతం అంటే అప్పు తీరేదాకా మనిషిని రాసివ్వడం. మా తాత తీసుకున్న అప్పుకు మా నాయిన, మా నాయిన తీసుకున్న అప్పుకు మా అన్న. జీతగాడికి సాయంత్రం అనేది ఉండదు. పశువులు ఇంటికొచ్చాక మేత, మేత అయ్యాక మోటరు కాడికి, రాత్రి కావలి. పడుకునేది పటేల్ కొట్టంలోనే. మా అమ్మ తెల్లవారుజామున రొట్టె మూట కట్టి పంపేది. నా చిన్నతనంలో మా నాయిన మాతో కలిసి కూర్చుని రాత్రిపూట తిన్న రోజులు ఏడాదికి వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. పెద్దల పండుగ, దసరా, ఉగాది, ఎవరైనా చచ్చిపోయిన రోజు.

1975 అక్టోబరు 25 నుంచి వెట్టి కార్మిక వ్యవస్థ రద్దయిందని ఆర్డినెన్సు తెచ్చారు, 1976లో అది చట్టమైంది. అదే 1975లో, ఆగస్టు 1న, ఈ దేశంలో ఇంకొకటి మొదలైంది. సైట్ అంటారు. అమెరికా వాళ్ల ఏటీఎస్-6 అనే ఉపగ్రహాన్ని అరువు తెచ్చుకుని, 36 వేల కిలోమీటర్ల ఎత్తు నుంచి ఆరు రాష్ట్రాల్లో దాదాపు 2,400 పల్లెలకు టీవీ చూపించారు. మన రాష్ట్రం ఆ ఆరింటిలో ఒకటి. పొద్దున బడి పిల్లలకు, సాయంత్రం పెద్దలకు. వ్యవసాయం, ఆరోగ్యం, కుటుంబ నియంత్రణ. ఏడాది కాగానే 1976 జులై 31న ప్రయోగం ముగిసింది, ఉపగ్రహం వెనక్కి వెళ్లిపోయింది.

కమ్యూనికేషన్ చదివే పిల్లలకు ఈ ప్రయోగం గురించి గొప్పగా చెబుతారు, గొప్పదే. నేను ఆ రెండు తేదీలను పక్కపక్కన పెట్టి చూడమంటున్నాను, అంతే. ఆకాశం నుంచి బొమ్మ దించగలిగిన ఏడాదిలోనే, మనిషిని అప్పు కింద కట్టేసుకోకూడదని చట్టం రాయాల్సి వచ్చిన దేశం ఇది. ఉపగ్రహం మా ఊరికి రాలేదు. చట్టమూ రాలేదు. మా నాయిన ఆ చట్టం పేరు విన్నది 1984లో, సంఘం వాళ్లు వచ్చి చెబితే. 1987 నాటికి మా అన్న ఇంకా అదే కొట్టంలో ఉన్నాడు.

జీతం లేని ఇళ్లు బాగున్నాయా అంటే, వాళ్లు ఊళ్లోనే లేరు. దసరా దాటగానే గుంపు మేస్త్రీ అడ్వాన్సు పంచేవాడు, ఆలుమగలు లారీ ఎక్కేవాళ్లు. ప్రాజెక్టులు, కాలువలు, రోడ్లు, బొంబాయి మేడలు. పాలమూరు లేబర్ అంటే దేశమంతా తెలుసు. వానలకు ముందు తిరిగొచ్చేవాళ్లు. పాలు తాగే పిల్ల ఉంటే వెంట తీసుకెళ్లేవాళ్లు, నడిచే పిల్లను ముసలమ్మ దగ్గర వదిలేవాళ్లు. నాకు తెలిసిన ఒక పిల్లాడు వాళ్లమ్మ తిరిగొచ్చినప్పుడు గుర్తుపట్టక నాయినమ్మ వెనక దాక్కున్నాడు. ఆ తల్లి నవ్వింది, తర్వాత గోడకు తిరిగి ఏడ్చింది. ఆ ఇంట్లో టీవీ లేదు. కుటుంబాన్ని టీవీ విడదీసింది అని ఎవరైనా రాస్తే నాకు ఆ గోడ గుర్తొస్తుంది.

అయితే తమ్ముడూ, నువ్వడిగిన దాంట్లో నేను కాదనలేనిది కూడా ఒకటుంది.

మా గేరికి కరెంటు లేదు. ఊళ్లో ఉంది, మా దగ్గరికి స్తంభం పడలేదు. రేషను గ్యాసునూనె నెలకు ఎంతో రాదు, అందుకని బుడ్డి దీపం తినేదాకే, తర్వాత ఊదేసేవాళ్లు. అమ్మ ముద్ద నోట్లో పెట్టుకుని అలాగే కునుకు తీసేది, నేను భుజం పట్టుకుని ఊపితే నమిలేది. తర్వాత చీకటి. ఆ చీకట్లో మా నాయినమ్మ గొంతు. ఊ కొట్టకపోతే ఆపేసేది. "ఇంటున్నవా, నిద్రపోయినవా?" అని గిల్లేది. కథ సగంలో ఎందుకు అని అడిగితే తిట్టేది కాదు. "నువ్వే జెప్పు, ఎందుకయ్యుంటది?" అనేది. మేం చెప్పింది నచ్చితే తర్వాతి రాత్రి కథలో అది కలిపేసేది కూడా. నా చెల్లెలు ఇచ్చిన ఒక ముగింపు ఇప్పటికీ మా బంధువుల ఇళ్లలో అసలు కథలాగే చెబుతున్నారు.

ఏడాదికోసారి, కళ్లాలు అయ్యాక, డక్కలి వాళ్లు వచ్చేవాళ్లు. ఈ మాట చాలామంది విద్యార్థులకు కొత్త కావచ్చు. చిందు, డక్కలి లాంటి కులాలు మాదిగలను ఆశ్రయించుకుని బతికేవి. మాదిగ ఇళ్ల మీద వాళ్లకు హక్కు ఉంది, వేరే కులాన్ని అడగరు. గేరి చివర చింత చెట్టు కింద దిగేవాళ్లు. రాత్రి అయ్యాక దివిటీ వెలిగించి, చుట్టి పెట్టిన బట్ట విప్పేవాళ్లు. అదే పటం. దాని మీద వరసగా రంగుల బొమ్మలు. ఒకాయన కిన్నెర పట్టుకుని, ఎండిన సొరకాయ బుర్రలు కట్టిన ఆ వాయిద్యం మీద తీగ మీటుతూ, కర్రతో ఒక్కో బొమ్మ చూపిస్తూ జాంబపురాణం చెప్పేవాడు. నేను చూసిన మొదటి తెర అది. మా నేల మీద, మా ముందు, మా తాత కథ. ముందు వరసలో మేమే.

జాంబపురాణంలో జాంబవంతుడు భూమి పుట్టడానికి ఆరు నెలల ముందు పుట్టినవాడు. భూమి లేదు, దేవుళ్లూ లేరు, ఆయన ఉన్నాడు. ఊళ్లో మమ్మల్ని చివర నిలబెట్టే లెక్కకు పూర్తిగా తలకిందులైన లెక్క ఇది. మొదటివాళ్లం మేమే. ఇది చరిత్రా కాదా అని అడగకండి, తేదీలున్న చరిత్ర కాదు. కానీ రేపు పొద్దున పటేల్ ముందు చెప్పులు చేతిలో పట్టుకుని నిలబడాల్సిన మనిషి, ఈ రాత్రి తన గేరిలో కూర్చుని తనే ఆదిమానవుడినని వింటున్నాడు. ఆ పని ఇంకే పుస్తకమూ మాకు చేసిపెట్టలేదు.

ఇక కామధేనువు ఘట్టం వచ్చేది. ఒక్కో చోట ఒక్కోలా చెబుతారు, సారం ఏమిటంటే ఆ ఆవు చావడం, మాంసం వండటం, ఆ తప్పు తిరిగి తిరిగి మన మీద పడటం, మనం ఇలా అయిపోవడం. సరిగ్గా అక్కడ మా నాయినమ్మ లేచి నిలబడేది. "ఆగు. వండుమన్నదెవరు, తిన్నదెవరు? అందరు దిని తప్పు మనొక్కలకెట్ల?" కిన్నెర ఆగిపోయేది. కథ చెప్పేవాడు నవ్వి, "గట్లనే ఉన్నది పెద్దమ్మా పటంల" అనేవాడు. "పటం గీసినోని చెయ్యి ఎవనిదో సూడు" అనేది ఆమె. ఇంక అక్కడి నుంచి గేరి మొత్తం వాదన. ఒక్కోసారి కోడి కూసేదాకా కథ ముందుకు కదిలేది కాదు. నాకు మొదటి రాజకీయ తరగతి అదే. సంఘంలో చేరాక విన్న ఉపన్యాసాలు ఎన్నో, ఆ ప్రశ్నంత పదునుగా అడిగినవాళ్లు తక్కువ.

బాబాసాహెబ్ ఇల్లు గుర్తు చేసుకోండి. బుద్ధుడు, ఆయన ధమ్మం పుస్తకానికి ఆయన రాసుకున్న ముందుమాట మీలో కొందరు చదివే ఉంటారు. తండ్రి రాంజీ సక్పాల్ కబీరు పంథీ. ఇంట్లో పిల్లలతో రామాయణ మహాభారతాలు చదివించేవాడు. అంటరానివాళ్లం కాబట్టి పిల్లల్లో చిన్నతనం పేరుకుంటుందని, ద్రోణుడు, కర్ణుడు లాంటి కిందినుంచి పైకొచ్చిన వాళ్ల కథలు వింటే అది పోతుందని ఆయన నమ్మకం. కొడుక్కి ఆ జవాబు నచ్చలేదు. భీష్ముడు నచ్చలేదు, ద్రోణుడు నచ్చలేదు, కృష్ణుడు నచ్చలేదు, వాలిని చంపిన తీరు, సీత పట్ల నడిచిన తీరు నచ్చలేదు. తండ్రికి ఆ మాట చెప్పాడు. తర్వాత బొంబాయిలో ఒక్క గది ఇంట్లో ఉన్నప్పుడు చదువుకోవడానికి చోటు లేక, తండ్రి పిల్లాడిని పెందలాడే పడుకోబెట్టి, రెండు గంటల రాత్రి లేపేవాడు. అందరూ నిద్రపోయాక ఆ గది చదువు గది అయ్యేది. టీవీ లేని ఇల్లు అని మనం చెప్పుకోదగ్గది అలాంటి ఇల్లు. అక్కడ పిల్లాడు కథకు అడ్డం పడొచ్చు, నాకు నచ్చలేదు అనొచ్చు. నాకు దాని మీదే బెంగ.

ఊరికే మురిసిపోవద్దని మళ్లీ చెబుతున్నాను. డక్కలి వాళ్లు వచ్చేది ఏడాదికి రెండు మూడు రాత్రులు. మిగతా రాత్రుల్లో సారా ఉంది. పక్కింటి తడిక అవతల దెబ్బల చప్పుడు ఉంది. తెల్లారి ఎవరూ ఎవరినీ అడగరు. టీవీ మోత లేని ఇల్లంటే అది కూడా వినపడే ఇల్లు. ఆ దెబ్బలకు జవాబు దొరికింది కూడా రాత్రి వేళే. 1991, 92ల్లో నెల్లూరు జిల్లా దూబగుంటలో పగలంతా కూలికి పోయిన ఆడవాళ్లు సాయంత్రం అక్షరాస్యత తరగతికి వచ్చారు. పాఠంలో సీతమ్మ కథ చదివారు, మన ఊళ్లో ఎందుకు కాదు అని అడిగారు, సారా దుకాణం మూయించారు. 1993 అక్టోబరు నుంచి రాష్ట్రమంతా సారా నిషేధం వచ్చింది. పాఠం ఆపి ప్రశ్న అడిగే వీలుంటే ఏమవుతుందో చూడండి.

ఇప్పుడు కిటికీ దగ్గరికి వస్తాను.

హైదరాబాద్ దూరదర్శన్ 1977 అక్టోబరులో మొదలైంది. మా ఊరికి టీవీ వచ్చింది 1987లో, పటేల్ ఇంటికి. చెక్క తలుపులు జరిపే ఈసీ టీవీ, నలుపు తెలుపు. నేనప్పుడు ఎనిమిదో తరగతి, మండల కేంద్రంలో సోషల్ వెల్ఫేర్ హాస్టల్. శనివారం సాయంత్రం నడిచి ఇంటికి వచ్చేవాణ్ణి. ఆ జనవరి 25న మొదలైంది రామానంద్ సాగర్ రామాయణం, ప్రతి ఆదివారం పొద్దున తొమ్మిదిన్నరకు. టీవీకి దండ వేసేవాళ్లు, ఊదుబత్తి ముట్టించేవాళ్లు, పటేలమ్మ కొబ్బరికాయ కొట్టేది. హాల్లో వాళ్ల చుట్టాలు, అరుగు మీద మిగతా కులాలు, వరసగా ఎవరి చోటు వాళ్లకు ఎవరూ చెప్పకుండానే తెలుసు. మేము కొట్టం వైపు కిటికీ బయట. ఊచల మధ్యలోంచి అయిదారు తలకాయలు. పొడుగువాళ్లకు సగం బొమ్మ, పొట్టివాళ్లకు మాట మాత్రమే. అదీ హిందీ.

ఊరికే కూడా కాదు. చాటల్లో పల్లికాయ పోసి కిటికీ బయట పెట్టేవాళ్లు. ఒలుస్తూ చూడాలి. ఎపిసోడు అయ్యేసరికి చాట నిండాలి. మా చెల్లెలి బొటనవేలి గోరు చీరుకుపోయి ఉండేది. నేను ఒకసారి లెక్క వేశాను, నలుగురం పిల్లలం ఒలిచిన దానికి బయట కూలి ఎంత వస్తుందని. పటేల్ ఆ టీవీకి కరెంటు బిల్లు మా దగ్గరే రాబట్టుకుంటున్నాడు.

అసలు సంగతి మా అన్నది. గాలికి యాంటెన్నా తిరిగిపోతే బొమ్మ మీద చుక్కలు పడేవి. అప్పుడు జీతగాడిని పిలవాలి. మా అన్న వేప చెట్టు ఎక్కి, చెట్టు మీంచి మిద్దె మీదికి దూకి, గొట్టం పట్టుకుని కొద్దికొద్దిగా తిప్పేవాడు. పైనుంచి అరిచేవాడు, "ఒచ్చిందా?" కింద నుంచి, "ఇంకింత! ఆ, ఆ, ఒచ్చె, గట్లనే పట్టుకో!" చెయ్యి వదిలితే మళ్లీ పోతుంది. అందుకని ఎండలో గొట్టం పట్టుకుని అక్కడే నిలబడేవాడు. ఆ ఇంట్లో గడప దాటనివ్వని మనిషికి మిద్దె ఎక్కడానికి అభ్యంతరం లేదు, చెట్టు మీంచి వెళ్లాడు కదా. ఏడాదిన్నర నడిచిన ఆ సీరియల్‌ను ఊరందరికీ చూపించింది మా అన్న. ఆయన ఒక్క ఎపిసోడూ పూర్తిగా చూడలేదు. ఇప్పుడు ఆయనకు యాభై అయిదు దాటాయి, ఆ సంగతి చెప్పి నవ్వుతాడు. నాకు నవ్వు రాదు.

ఒక ఆదివారం మా నాయినమ్మ కూడా వచ్చింది, అందరూ ఏం చూస్తున్నారో చూద్దామని. తలకాయలు పక్కకు జరిపి ఊచల దగ్గర చోటిచ్చాం. సరిగ్గా ఆ రోజే వానర సేన. తెర మీద జాంబవంతుడు. ముఖం నిండా బొచ్చు, ఎలుగుబంటి.

"ఎవర్రా గాయన?" అంది. జాంబవంతుడని చెప్పాను. కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత గట్టిగా, లోపలికి వినపడేలా, "మా తాతను గుడ్డెలుగును జేసిన్రా?" అంది.

లోపల నవ్వారు. ఎవరో ఉష్ అన్నారు. టీవీ ఆగలేదు. కిన్నెర అయితే ఆగేది. చెప్పేవాడు ఆమె వైపు చూసేవాడు, జవాబు చెప్పాల్సి వచ్చేది. ఇక్కడ అడిగిన మాట కొట్టం గోడకు తగిలి అక్కడే పడిపోయింది. ఆమె చాటలో పల్లికాయ తిరిగి పోసేసి ఇంటికి వెళ్లిపోయింది. మళ్లీ ఆ కిటికీ దగ్గరికి రాలేదు.

ఆ రోజుల్లోనే బయట ఏం జరుగుతోందో నాకు చాలా ఏళ్ల తర్వాత తెలిసింది. 1987లో మహారాష్ట్ర ప్రభుత్వం బాబాసాహెబ్ రచనల నాలుగో సంపుటం అచ్చువేసింది, హిందూమత చిక్కుముడుల మీద ఆయన రాసింది. అందులో రాముడు, కృష్ణుడి గురించిన అనుబంధం తీసేయాలని శివసేన గొడవ చేసింది. ప్రభుత్వం వెనక్కి తగ్గింది. 1988 ఆరంభంలో బొంబాయి వీధుల్లోకి దళితులు లక్షల్లో వచ్చారు. చివరికి, ఇది ప్రభుత్వ అభిప్రాయం కాదు అనే ఒక వాక్యం చేర్చి అనుబంధాన్ని ఉంచారు. చూశారా, ఒకే దేశం, ఒకే ఏడాది. ఆదివారం పొద్దున రాముడి కథ ప్రభుత్వ టీవీలో ఊరూరా. అదే కథ మీద ఒక అంటరానివాడు వేసిన ప్రశ్న అచ్చులో ఉండాలంటే లక్షల మంది రోడ్డెక్కాలి.

ఇంకో సంఘటన. 1988 జులై ఆఖరున రామాయణం ముగిసింది. ఉత్తర రామాయణం లేకుండా ఎలా ముగిస్తారని జలంధర్‌లో పారిశుధ్య కార్మికులు సమ్మె చేశారు. వాళ్లు వాల్మీకి సమాజం వాళ్లు. తమ వాల్మీకి ఆశ్రమం, సీత, లవకుశులు తెర మీదకు రావాలన్నారు. సమ్మె ఇంకొన్ని ఊళ్లకు పాకింది, వీధుల్లో చెత్త పేరుకుంది, ప్రభుత్వం దిగొచ్చింది, సీరియల్ కొనసాగింది. మన మిత్రుల్లో కొందరు దీన్ని ఎగతాళి చేస్తారు, చీపురు దించి అడగాల్సింది ఇదా అని. నేను ఒకప్పుడు చేశాను, ఇప్పుడు చేయను. ఆ కోరికతో నాకు ఇప్పటికీ ఒప్పుదల లేదు. కానీ మా నాయినమ్మ ఒక్కతే కిటికీ దగ్గర అన్న మాటను వాళ్లు వేల మంది కలిసి అన్నారు, టీవీని ఆపి జవాబు చెప్పించారు. అలా చేసినవాళ్లు ఇంకెవరైనా ఉంటే చెప్పండి.

తెర ముందు ఎవరు ఎక్కడ కూర్చోవాలన్నది చిన్న సంగతి అనుకునేవాళ్లకు చుండూరు చాలు. 1991 జులైలో సినిమా హాల్లో ఒక దళిత యువకుడి కాలు ముందు సీటు అగ్రకులం వాడికి తగిలిందన్న గొడవ. ఆగస్టు 6న ఎనిమిది మందిని చంపారు. చుండూరు గురించి ఏడో భాగంలో రాశాను, ఇక్కడ ఆగుతాను.

మా ఇంటికి టీవీ వచ్చింది 1994లో. జీతం తెంపుకుని బొంబాయి పోయిన అన్న, రెండేళ్లు సెంట్రింగు పని చేసి, చిన్న సెకండ్ హ్యాండ్ టీవీ ఒకటి దుప్పట్లో చుట్టి తెచ్చాడు. అప్పటికి గేరికి కరెంటు వచ్చింది. నాయినమ్మ అంతకు ముందు ఏడాదే పోయింది. అమ్మ ఇల్లు అలికి, చాప పరిచి, గేరిలో ప్రతి ఇంటికీ పోయి పిలిచింది. "కిటికీ కాడ ఎవ్వలు నిలవడొద్దు. లోపలికొచ్చి కూసోండి." ఆమె జీవితంలో మొదటిసారి తెర ముందు కూర్చుంది, కాళ్లు చాపుకుని, చేతిలో చాట లేకుండా. ఆ ముఖం నేను చూశాను. అందుకే టీవీ మన కుటుంబాలను పాడు చేసిందని ఎవరన్నా నాకు నోరు రాదు.

ఇక్కడ ఇంకొక మాట రాయకపోతే ఈ భాగం రాయడమే దండగ. ఆ సాయంత్రం గడప బయట ఒక మనిషి, పక్కన ఇద్దరు పిల్లలు నిలబడి ఉన్నారు. లోపలికి రాలేదు. చింత చెట్టు కింద దిగిన డక్కలి ఆయన, పటం చెప్పేవాడు. మాదిగ ఇంట్లోకి డక్కలి రాకూడదు. ఎవరూ రావద్దనలేదు. ఎవరూ రమ్మనలేదు కూడా. అందరినీ పిలిచిన మా అమ్మకు ఆయన్ను పిలవాలని తోచలేదు. డిగ్రీ చదువుతూ, విద్యార్థి సంఘంలో తిరుగుతూ, అంబేద్కర్ బ్యాడ్జీ పెట్టుకున్న నాకూ తోచలేదు. ఆ రాత్రి పటం విప్పమని ఆయన్ను ఎవరూ అడగలేదు. సినిమా వస్తోంది కదా. పొద్దున లేచేసరికి చెట్టు కింద మూడు రాళ్ల పొయ్యి, బూడిద మాత్రం ఉన్నాయి. మా ఊరికి ఆయన రావడం అదే ఆఖరు.

2022లో దర్శనం మొగిలయ్య గారికి కిన్నెర మీద పద్మశ్రీ వచ్చినప్పుడు గేరి అంతా టీవీలో చూసి చప్పట్లు కొట్టింది. నేనూ కొట్టాను. నాకు గడప గుర్తొచ్చింది.

2020 మార్చి 28న దూరదర్శన్ మళ్లీ రామాయణం మొదలుపెట్టింది, పొద్దున ఒకసారి, రాత్రి ఒకసారి. లాక్‌డౌన్ కదా, కుటుంబమంతా ఇంట్లో కూర్చుని చూడమని. ఆ రాత్రుల్లో మా గేరి వాళ్లు పద్దెనిమిది మంది దారిలో ఉన్నారు, నడుస్తూ. రాత్రిళ్లు నాకు ఫోను చేసేవాళ్లు, ఏ ఊరి దగ్గర అన్నం దొరుకుతుందని. ముప్పై మూడేళ్ల తర్వాత కూడా అదే సీరియల్‌కు మనవాళ్లు బయటే.

ఆ జూన్ 1న కేరళలో టీవీ పాఠాలు మొదలయ్యాయి. అదే రోజు ఒక దళిత విద్యార్థిని ప్రాణం తీసుకుంది. ఇంట్లో టీవీ పాడైంది, స్మార్ట్ ఫోను లేదు. తండ్రి కూలి మనిషి, పనులు లేక బాగు చేయించలేకపోయాడు. మన తెలంగాణలో సెప్టెంబరు 1న దూరదర్శన్ యాదగిరిలో, టీ-శాట్‌లో పాఠాలు మొదలయ్యాయి. మా మండలంలో టీవీ లేని ఇళ్ల పిల్లలను ఉన్న ఇళ్లకు సర్దుబాటు చేయడానికి నేను, ఇద్దరు టీచర్లు తిరిగాం. ఒక ఇంటి యజమాని నాతో అన్నాడు, "పంపు సారూ, వరండాల కూసుంటరు. కిటికీ తెరిచి పెడ్త." 2020లో. 2001 జనాభా లెక్కల్లో దేశంలో వంద ఇళ్లకు 32 ఇళ్లలోనే టీవీ ఉందని, 2011కి 47 అయిందని మనం చదువుకుంటాం. ఆ లెక్కలో వరండా కాలమ్ ఉండదు.

తమ్ముడూ, నీకు ఇవ్వగలిగిన జవాబు ఇంతే. టీవీ లేక మా ఇల్లు బాగుండలేదు, టీవీ వచ్చి చెడిపోనూ లేదు. నా చేతుల్లోంచి జారిపోయింది వేరే ఒకటి.

పోయిన ఏడాది ఆ డక్కలి ఆయన ఊరు వెతుక్కుంటూ వెళ్లాను. ఆయన లేడు. కొడుకు హైదరాబాద్‌లో సెంట్రింగు పనికి పోతున్నాడు, సెలవుకు వచ్చి ఉన్నాడు. నన్ను లోపలికి రమ్మన్నాడు, మంచం వాల్చాడు, చాయ్ తెప్పించాడు. పటం ఉందా అని అడిగితే ఇనప పెట్టెలోంచి తీశాడు. మడతల దగ్గర చిరిగింది, కింది వరస బొమ్మలు ఎలుకలు కొట్టేశాయి. కామధేనువు దాకా ఉంది. కథ చెప్పమన్నాను. తనకు రాదన్నాడు. "నువ్వు ఇన్నవు గదా సార్, నువ్వు జెప్పు" అన్నాడు.

మొదలుపెట్టాను. భూమి లేదు, నీళ్లే. జాంబవంతుడు ముందు పుట్టాడు. వాళ్ల పాప వచ్చి మంచం పట్టె మీద కూర్చుంది. భూమి లేకుంటే ఏడ నిలవడ్డడు అని అడిగింది. నాకు జవాబు తెలియదు. నువ్వే చెప్పు అన్నాను. చేప మీద అంది. సరే, చేప మీద. అక్కడి నుంచి కామధేనువు దాకా ఎలాగో లాక్కొచ్చాను, నాయినమ్మ లేచి నిలబడే చోటు దాకా. ఆ తర్వాత కథ నాకు రాదు.

మీ ఇళ్లలో, మీ గేరిల్లో ఎవరికైనా వస్తే నాకు ఫోను చేయండి. రికార్డు పెట్టే ముందు వాళ్లను లోపల కూర్చోబెట్టండి.

(తర్వాతి భాగం: గుంపు మేస్త్రీ పద్దు పుస్తకం)

జై భీమ్.